పద్దెనిమిదో పిన్ను

పదో తరగతికి నిరూపక జ్యామితిలో గురుత్వ కేంద్రం చెప్పే రోజు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి "దీంతో మనకేం పని సార్?" అంటారు. మూడు ఎక్స్‌లు కూడి మూడుతో భాగించడం, మూడు వైలు కూడి మూడుతో భాగించడం, అంతే కదా అని వాళ్ల బాధ. "పరీక్షలో వస్తుంది" అని చెప్పి ఇన్నేళ్లూ తప్పించుకున్నాను, అది తప్పే. ఈసారి మూడో బెంచీ అమ్మాయి ఇంకో రకంగా అడిగింది. "సినిమాల్లో వరసగా హత్యలు చేసేవాడి కోసం పోలీసులు గోడకు మ్యాపు తగిలించి పిన్నులు గుచ్చుతారు కదా సార్, నిజంగా అట్లా గుచ్చితే ఏమైనా తెలుస్తుందా, ఉత్తదా?"

తెలుస్తుంది. ఎంత తెలుస్తుందో ఆ పిల్లకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు, ఒక ప్లైవుడ్ ముక్క, హార్డ్‌వేర్ షాపులో కొన్న నట్లు, పూలు కట్టే దారం అవసరమయ్యాయి.

ముందు అసలు కేసు. 1975 అక్టోబర్ నుంచి 1980 నవంబర్ దాకా ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, యార్క్‌షైర్, మాంచెస్టర్ ఊళ్లలో, ఒకడు 13 మంది ఆడవాళ్లను చంపాడు. మరో ఏడుగురి మీద హత్యాయత్నం చేశాడు, వాళ్లు గాయాలతో బయటపడ్డారు. వాడి పేరు పీటర్ సట్‌క్లిఫ్, లారీ డ్రైవరు, ఇంట్లో భార్య ఉంది. ఎట్లా చంపాడనేది నేను రాయను, అది తెలిసి ఎవరికీ ఉపయోగం లేదు. చనిపోయినవాళ్లలో చాలామంది సెక్స్ వర్కర్లు, పిల్లలున్న తల్లులు, డబ్బు లేక రాత్రిపూట రోడ్డు మీదికి వచ్చినవాళ్లు. షాపులో పనిచేసే పదహారేళ్ల పిల్ల ఉంది, ఆఫీసు క్లర్కు ఉంది, చదువుకునే అమ్మాయిలున్నారు. చీకట్లో, ఒంటరిగా, సాయం అందని చోట వాడికి దొరికారు. అయిదేళ్లలో పోలీసులు వేరే వేరే కారణాలతో సట్‌క్లిఫ్‌ను తొమ్మిది సార్లు పిలిచో ఇంటికి వెళ్లో ప్రశ్నించి, తొమ్మిది సార్లూ వదిలేశారు. అప్పట్లో అంతా కాగితం కార్డుల మీదే. ఒక కార్డులో ఉన్నది ఇంకో కార్డు చూసేవాడికి తెలియదు.

1980 చివర్లో, పదమూడో హత్య జరిగాక, బయటి నుంచి ఒక సలహా బృందాన్ని పిలిచారు. అందులో స్టువర్ట్ కైండ్ అనే ఫోరెన్సిక్ శాస్త్రవేత్త ఉన్నాడు. అంతకుముందు ఆయన బ్రిటిష్ వాయుసేనలో నావిగేటర్. చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు విమానం ఎక్కడుందో లెక్క కట్టి చెప్పడం నావిగేటర్ పని. ఈ కేసులో కూడా ఆయన దాన్నే చేశాడు. ఒకే మనిషి పని అనుకున్న 17 దాడుల చోట్లు తీసుకున్నాడు. మ్యాపు మీద ఆ 17 చోట్లా పిన్నులు గుచ్చారు అనుకోండి. ఇప్పుడు పద్దెనిమిదో పిన్ను ఎక్కడ గుచ్చి, దాన్నుంచి మిగతా 17 పిన్నులకూ విడివిడిగా దారాలు లాగితే మొత్తం దారం అతి తక్కువ ఖర్చవుతుంది? వాడు బయల్దేరే చోటు, తిరిగి చేరే చోటు దాని దగ్గర్లోనే ఉండాలి.

ఇది మన పదో తరగతి గురుత్వ కేంద్రం కాదు, దానికి దగ్గరి చుట్టం. తేడా ఎక్కడుందో బల్ల మీద చూపిస్తే తప్ప పిల్లలకు ఎక్కదు, నిజం చెప్పాలంటే నాకూ సరిగ్గా ఎక్కలేదు.

హత్యల మ్యాపు క్లాసుకు తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు. మరేం చేద్దామంటే మూడో బెంచీ అమ్మాయే చెప్పింది, వాళ్లమ్మ పూలు అమ్ముతుందని, ఎక్కడెక్కడ అమ్ముతుందో చెప్తాను, ఇల్లు మీరు కనిపెట్టండి అని. గోవిందరాజస్వామి గుడి ముందు, గాంధీ రోడ్డు, బేరి వీధి, నాలుగుకాళ్ల మండపం, లీలామహల్ సర్కిల్, ఆర్టీసీ బస్టాండు, శివరాత్రికి మాత్రం శ్రీకాళహస్తి. మొత్తం ఏడు చోట్లు. తిరుపతి మ్యాపు ప్లైవుడ్‌కు అంటించి ఆరు చోట్లా రంధ్రాలు పొడిచాం. కాళహస్తి మ్యాపులో లేదు కాబట్టి ఆ దిక్కున, రేణిగుంట వైపు, బల్ల అంచులో పొడిచాం. ఏడు దారాలు ఒకచోట ముడివేసి, ముడి పైన ఉంచి, ఒక్కో దారం ఒక్కో రంధ్రంలోంచి కిందికి వదిలి, కొసకు ఒక్కో నట్టు కట్టాం. ఏడు నట్లూ ఒకే సైజు. బల్లను రెండు బెంచీల మధ్య పెట్టి ముడిని వదిలాం.

ముడి కాస్త జరిగి ఆగిపోయింది. దారం రంధ్రం అంచుకు రాసుకుని పట్టేస్తుంది. ఆ అమ్మాయి వేలితో బల్లను టకటకా కొట్టింది. కొట్టినప్పుడల్లా ముడి చీమలాగా కొంచెం కొంచెం పాకింది, పాకి పాకి గుడికీ గాంధీ రోడ్డుకూ నడుమ నిలబడింది. తర్వాత ఎంత కొట్టినా కదల్లేదు. క్లాసంతా బల్ల మీదికి వంగింది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను, పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూడలేదు.

ముడి అక్కడే ఎందుకు ఆగింది? నట్లు వీలైనంత కిందికి దిగాలని చూస్తాయి. దారం మొత్తం పొడవు మారదు. బల్ల కింద దారం ఎక్కువైతే బల్ల పైన తక్కువవుతుంది. నట్లన్నీ కలిసి ఇంకెంత మాత్రం దిగలేని చోటే బల్ల పైన దారం అతి తక్కువగా ఉన్న చోటు. అంటే కైండ్ వెతికిన పద్దెనిమిదో పిన్ను చోటును మనం లెక్క కట్టక్కర్లేదు, భూమ్యాకర్షణే కట్టిపెడుతుంది. దీన్ని వరిన్యోన్ చట్రం అంటారు.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది. "కాళహస్తి చాలా దూరం కదా సార్, దానికి పెద్ద నట్టు కట్టొద్దా?"

దీని కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను. గురుత్వ కేంద్రంలోలాగా మామూలు సగటు తీస్తే సరిగ్గా అదే జరుగుతుంది, దూరంగా ఉన్నది ఎక్కువ లాగుతుంది. ఆరు చోట్లు పాత ఊళ్లో, ఏడోది సుమారు 36 కిలోమీటర్ల అవతల. 36ను ఏడుతో భాగించండి. సగటు బిందువు పాత ఊరు వదిలేసి 5 కిలోమీటర్లు రేణిగుంట వైపు పోయి రోడ్డు మీద నిలబడుతుంది. ఏడాదికి ఒక్కసారి వెళ్లిన ఊరు ఇంటిని ఊరి బయటికి ఈడ్చుకుపోయింది! దారాల బల్లలో అట్లా జరగదు. కాళహస్తి దారం ఎంత పొడవున్నా దాని కొసకు ఉన్నది ఒక నట్టే, ఆ నట్టు బరువుతోనే లాగుతుంది. దానికి దిక్కుంది, దూరం లేదు. అందుకే ఆ రంధ్రాన్ని బల్ల అంచులో పొడిచినా, నిజంగా కాళహస్తి దాకా దారం లాగి అక్కడ పొడిచినా, దిక్కు మారనంత వరకు ముడి అక్కడే ఉంటుంది. సట్‌క్లిఫ్ కేసులో మాంచెస్టర్ ఇట్లాంటి కాళహస్తి. మిగతావాటికి విడిగా, కొండల అవతల, రెండు హత్యలు. ఆ దూరానికి మోసపోకుండా ఉండాలంటే అన్ని దారాలకూ ఒకే బరువు కట్టాలి.

ఇంతకీ ఇల్లు ఎక్కడ అన్నాం. "ముడికి మూడు వీధుల అవతల" అంది. ముడి దగ్గరే ఎందుకు లేదు? "మా వీధిలో అమ్మదు సార్, అందరూ తెలిసినవాళ్లే, అప్పు పెడతారు."

ఇంటి చుట్టూ ఇట్లా వదిలేసే మేరను నేరశాస్త్రంలో బఫర్ జోన్ అంటారు. కెనడాలోని వాంకూవర్‌లో పోలీసుగా పనిచేస్తూ 1995లో ఇదే విషయం మీద డాక్టరేట్ తీసుకున్న కిమ్ రోస్మో దీన్ని సూత్రంగా రాశాడు. మ్యాపును వేల గళ్లుగా కోస్తాడు. ప్రతి గడినీ "నువ్వే వాడి ఇల్లనుకో" అని అడిగి, అక్కడి నుంచి ప్రతి నేరానికీ ఉన్న దూరాన్ని బట్టి మార్కులు వేస్తాడు. బఫర్ దాటిన తర్వాత దూరం పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతాయి, బఫర్ లోపల ఇంటికి మరీ దగ్గరైనా తగ్గుతాయి. ఆ మార్కులన్నీ కూడితే మ్యాపు మీద ఒక కొండ లేస్తుంది, శిఖరం దగ్గర వెతకడం మొదలుపెట్టాలి. దూరాన్ని కూడా పక్షి ఎగిరినట్టు కొలవడు, వీధుల వెంట మలుపులు తిరుగుతూ కొలుస్తాడు. మన ఊళ్లో రాయలచెరువు రోడ్డు రైల్వే గేటు దగ్గర నిలబడినవాళ్లకు అదెందుకో చెప్పక్కర్లేదు, పట్టాలకు అవతల కనిపించే ఇల్లు కూడా దూరమే. తర్వాత ఇదే పద్ధతితో బంబుల్ బీలు అనే తేనెటీగల చుట్టాలు వాలిన పూలను బట్టి గూడు ఎక్కడుందో వెతికారు, దక్షిణాఫ్రికాలో సీల్ జంతువులను వేటాడే సొరచేపలు ఎక్కడ పొంచి ఉంటాయో వెతికారు.

కైండ్ చేసిన రెండో పని నాకు ఇంకా నచ్చింది. దాడులు జరిగిన టైములు చూశాడు. రాత్రి బాగా పొద్దుపోయాక జరిగినవి ఒక ప్రాంతానికి దగ్గరగా ఉన్నాయి, పెందలాడే జరిగినవి దూరంగా ఉన్నాయి. ఇల్లు చేరాలనే తొందర ఉన్న మనిషి దూరం పోయినప్పుడు త్వరగా పని ముగిస్తాడు. పూలామె కూడా అంతే కదా, గుడి ముందు రాత్రి పది దాకా కూర్చుంటుంది, కాళహస్తిలో మాత్రం బస్సు చూసుకుని చీకటి పడకముందే లేస్తుంది. దారాలు, గడియారం రెండూ కలిసి బ్రాడ్‌ఫోర్డ్ పట్టణాన్నే చూపించాయి, అందులో మానింగ్‌హామ్ గానీ షిప్లీ గానీ అని కైండ్ రాసిచ్చాడు. సట్‌క్లిఫ్ ఇల్లు ఆ రెంటి మధ్య హీటన్‌లో ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ ఇల్లు ఎక్కడుందో 17 పిన్నులు చెప్పాయి.

మరి అయిదేళ్లు ఎందుకు పట్టింది? ఒక కారణం క్యాసెట్టు. "నేనే హంతకుడిని" అంటూ 1978, 79ల్లో ఉత్తరాలు, తర్వాత ఒక టేపు వచ్చాయి. ఆ గొంతులో సండర్లాండ్ వైపు యాస. దర్యాప్తు పెద్దలు దాన్ని నమ్మేశారు. శ్రీకాకుళం యాసలో ఎవడో క్యాసెట్టు పంపితే, చిత్తూరు యాసలో మాట్లాడినవాళ్లందరినీ వదిలేసినట్టు. సట్‌క్లిఫ్‌ది యార్క్‌షైర్ యాస, అందుకే తప్పించుకున్నాడు. కైండ్ ఉన్న బృందం, టేపు బూటకం, మనిషి ఇక్కడివాడే అని తేల్చింది. ఆ టేపు పంపినవాడు 2005లో, పాత కవరు మీది ఉమ్మిలోని డీఎన్‌ఏతో దొరికాడు.

మా పక్కింట్లో ఒకసారి గొలుసు పోతే పలమనేరు వైపు అంజనం వేసే మనిషి దగ్గరికి వెళ్లారు. తమలపాకులో చూసి "రోజూ ఇంటికొచ్చే ఆడమనిషి" అన్నాడట. ఇంట్లో గిన్నెలు తోమే ఆమెను కాణిపాకంలో ప్రమాణం చేయమన్నారు. ఆమె చేసింది. అయినా పనిలోంచి తీసేశారు. వినాయకుడి మీద నాకూ భక్తి ఉంది, నేను చెప్పేది అది కాదు. ఆకులో కనిపించేది ముందే మన మనసులో ఉన్న అనుమానం, అది ఎప్పుడూ ఎదురు చెప్పలేని మనిషి మీదే పడుతుంది. టేపును నమ్మడం కూడా ఆకులో చూడడమే.

చివరికి లెక్క వాడిని పట్టించలేదు, అది కూడా చెప్పాలి. 1981 జనవరి 2 రాత్రి షెఫీల్డ్‌లో ఇద్దరు పోలీసులు ఒక కారు ఆపి, నంబరు ప్లేటు దొంగదని పట్టుకున్నారు. కారులో ఒక అమ్మాయి ఉంది, ఆమె బతికింది. మూత్రానికని వాడు చీకట్లోకి వెళ్లొచ్చిన సంగతి మర్నాడు సార్జెంటుకు గుర్తొచ్చి, మళ్లీ అక్కడికి వెళ్లి వెతికాడు. సుత్తి, కత్తి దొరికాయి. 4వ తేదీన వాడు ఒప్పుకున్నాడు. ఆ గందరగోళం మళ్లీ జరగకూడదని తర్వాత బ్రిటన్ పోలీసులు హోమ్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చుకున్నారు.

కంప్యూటరుకైనా పిన్ను మనమే ఇవ్వాలి కదా. వాంకూవర్‌లో అదే సమస్య. పేద వాడ నుంచి ఆడవాళ్లు, వాళ్లలో చాలామంది ఆదివాసులు, ఒకరి తర్వాత ఒకరు మాయమయ్యారు. శవం లేదు, నేరం జరిగిన చోటు లేదు, అంటే గుచ్చడానికి పిన్నే లేదు. అక్కడే ఉన్న రోస్మో, మాయమైనవాళ్ల సంఖ్య యాదృచ్ఛికంగా ఇంత ఉండదని లెక్క చూపించి, 1998లో జనాన్ని హెచ్చరిద్దామన్నాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. తిరిగే మనుషులు, ఎక్కడికో పోయుంటారు అన్నారు. 2002లో రాబర్ట్ పిక్టన్ అనేవాడి పందుల ఫారంలో 33 మంది ఆడవాళ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి.

యార్క్‌షైర్‌లోనూ మొదట అదే ధోరణి. 1981లో విచారణలో ప్రభుత్వ న్యాయవాదే, చనిపోయినవాళ్లలో కొందరు వేశ్యలు, కానీ కొందరు కాకపోవడమే ఈ కేసులో అన్నిటికన్నా బాధాకరం అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఒక దారానికి పెద్ద నట్టు, ఇంకో దారానికి చిన్న నట్టు. అప్పటి మాటతీరుకు అక్కడి పోలీసులు 2020లో, సట్‌క్లిఫ్ చనిపోయాక, క్షమాపణ చెప్పారు.

ఇంకా కొన్ని దారాలైతే అసలు కట్టనే లేదు. 1975 ఆగస్టులో, మొదటి హత్యకు ముందు, సిల్స్‌డెన్ అనే చిన్న ఊళ్లో పద్నాలుగేళ్ల పిల్ల మీద దాడి జరిగింది. బతికి, వాడి ముఖం చక్కగా వర్ణించింది. ఆ దాడిని ఈ కేసుతో కలపలేదు. తన పనేనని సట్‌క్లిఫ్ 1992లో ఒప్పుకున్నాడు.

మొన్న ఆదివారం ఇంట్లో కూర్చుని, పిల్లలకు చూపించని బల్ల ఒకటి చేసుకున్నాను. యార్క్‌షైర్ మ్యాపు, హత్యలు జరిగిన 13 చోట్ల రంధ్రాలు, ఒకే సైజు నట్లు. మాంచెస్టర్ దారాలు రెండూ ఒక పక్కకు గట్టిగానే లాగాయి, అయినా ముడి మిగతా పట్టణాల నడుమే నిలిచింది. తర్వాత సిల్స్‌డెన్ దగ్గర ఇంకో రంధ్రం పొడిచి దారం దూర్చాను. ఆ అమ్మాయి కొట్టినట్టే వేలితో బల్ల మీద కొట్టాను. ముడి కొంచెం వాయవ్యానికి, షిప్లీ వైపు, పాకి ఆగింది.

నట్ల డబ్బా అక్కడే ఉంది. 1992లో వాడు ఒప్పుకున్న దాడి ఇంకొకటి ఉంది. దానికి కూడా అదే సైజు నట్టు తీసి పక్కన పెట్టుకున్నాను.