ఉప్పునీటి చేప కన్ను ఉబ్బితే, మసకబారితే: అపోహలు – వాస్తవాలు

"అన్నా, లయన్‌ఫిష్ కన్ను ఉబ్బింది. ఏం మందు వెయ్యాలి?" రాత్రి పదకొండింటికి వచ్చిన మెసేజ్ ఇది. ఇలా ఎవరు అడిగినా ముందు నేనడిగేది ఒకటే: ఒక కన్నా, రెండు కళ్ళూనా?

హైదరాబాద్‌లో ఇళ్ళల్లో, ఆఫీసుల్లో మెరైన్ ట్యాంకులు, అంటే ఉప్పునీటి చేపల ట్యాంకులు, చూసుకోవడం నా పని. నేను వెళ్ళేలోపు కంగారులో ట్యాంకులో ఏమేం పోసేస్తారోనని నాకు పెద్ద టెన్షన్. అందుకే తరచూ వినే మాటలన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: కన్ను ఉబ్బడం ఒక జబ్బు, దానికో మందు ఉంటుంది.

వాస్తవం: పాప్‌ఐ అని మనం పిలిచే ఈ ఉబ్బు మనుషులకు జ్వరం రావడం లాంటిది. లోపల ఏదో తేడా జరిగిందని చెబుతుంది, అంతే. ఒక్క కన్నే ఉబ్బితే చాలావరకు అది దెబ్బే. రాయికి కొట్టుకుని ఉంటుంది, తోటి చేప పొడిచి ఉంటుంది, వలతో పట్టినప్పుడు గీసుకుపోయి ఉంటుంది. రెండు కళ్ళూ ఒకేసారి ఉబ్బితే మాత్రం ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకిందేమోనని, నీళ్ళు పాడయ్యాయేమోనని అనుమానించాలి. ఉప్పునీటిలో ముందు అనుమానించాల్సిన బ్యాక్టీరియా విబ్రియో. భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులకు ఈ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు, చెరువుల్ని ముంచేది కూడా ఈ కుటుంబమే.

ఇంకో సంగతి. కంటి లోపల చిన్న చిన్న బుడగలు మెరుస్తూ కనిపిస్తే ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. పంపు ఎక్కడో గాలి పీలుస్తుంటే ఆ గాలి ఒత్తిడికి నీళ్ళలో అతిగా కరిగి, చేప ఒంట్లోకి చేరి, అక్కడ బుడగ కడుతుంది. పైపు జాయింట్లు వెతికి లీకు మూయాలి, నీటి పైభాగం బాగా కదిలేలా చూడాలి.

అపోహ: కన్ను తెల్లబడిందంటే ఇన్ఫెక్షనే.

వాస్తవం: ముందు ట్యాంకు లైటు ఆపి, పక్క నుంచి టార్చి వేసి చూడండి. తెల్లదనం కంటి పైపొర మీద, ఆవిరి పట్టిన అద్దంలా ఉందా? అయితే కార్నియా దెబ్బతింది. పైపొర తేటగా ఉండి, కనుపాప లోపల తెల్లగా ఉందా? అది లెన్స్‌లో వచ్చిన శుక్లం, దాన్ని నీళ్ళలో వేసే మందు ఏదీ తీయలేదు.

చేపకు మనలాంటి కనురెప్పలు లేవు. కార్నియా నేరుగా సముద్రపు నీటికి ఆనుకుని ఉంటుంది. ఆ నీళ్ళు చేప ఒంట్లో ద్రవాలకంటే దాదాపు మూడు రెట్లు ఉప్పన. పొర మీద గీత పడితే ఆ సమతూకం తప్పి కన్ను పాలు కలిపినట్టు అవుతుంది. కొత్తగా తెచ్చిన చేపల్లో ఇది చాలా మామూలు. చేపల వ్యర్థాల నుంచి నీళ్ళలో చేరే విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్, సున్నా దగ్గర ఉంటే, చేప తింటూ ఉంటే, చాలాసార్లు కొద్ది రోజుల్లో దానంతటదే తేటపడుతుంది.

దెబ్బ లేదు, నీళ్ళు బాగున్నాయి, అయినా కన్ను మసకగా ఉంది, పైగా చేప రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది అంటే నా అనుమానం ఫ్లూక్స్ మీదికి పోతుంది. నియోబెనిడీనియా అనే ఈ పరాన్నజీవి చేప చర్మం మీద, కళ్ళ మీద అతుక్కుని ఉంటుంది. గాజులా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి మీరు కంటిలో కన్ను పెట్టి చూసినా కనిపించదు. ఏంజెల్‌ఫిష్‌లలో నేను దీన్ని ఎక్కువగా చూశాను.

దీన్ని బయటపెట్టే పద్ధతి మంచినీటి స్నానం. నల్లటి టబ్బులో ఆర్‌ఓ నీళ్ళు పోసి, కాస్త వంటసోడాతో పీహెచ్, హీటర్‌తో వేడి ట్యాంకుతో సమానం చేసి, ఎయిర్‌స్టోన్ నడుస్తుండగా చేపను అయిదు నిమిషాలు ఉంచుతాను. మొదటి నిమిషంలో చేప పక్కకు ఒరిగితే కంగారు పడకండి, మొప్పలు ఆడుతున్నాయా లేదా చూడండి. ఊపిరి తడబడితే వెంటనే తీసేయాలి. ఒకసారి చెయ్యంత ఎంపరర్ ఏంజెల్‌ను ఇలా ముంచితే మూడో నిమిషానికి దాని కంటి మీద ఒక తెల్లచుక్క తేలింది. చూస్తుండగానే చుక్క వంకర తిరిగి, ఊడి, అడుగుకు జారింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. చేపను తీశాక టబ్బు అడుగున నువ్వులు చల్లినట్టు ఉంది. ఆ ఇంట్లో అప్పటికి రెండు వారాలుగా యాంటీబయాటిక్ వాడుతున్నారు.

స్నానంతో పని అయిపోదు. ట్యాంకులో గుడ్లు ఉంటాయి. ప్రాజిక్వాంటెల్ లీటరుకు 2.5 మిల్లీగ్రాముల లెక్కన వేసి, వారానికి మళ్ళీ వేస్తాం. గుడ్లను ఆ మందు ఏమీ చేయలేదు, పొదిగి బయటికొచ్చిన పిల్లల్ని రెండో డోసు పడుతుంది.

అపోహ: కల్లుప్పు, పసుపు వేస్తే తగ్గుతుంది.

వాస్తవం: ఉప్పు చిట్కా మంచినీటి చేపలది. మీ మెరైన్ ట్యాంకులో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఇప్పటికే ఉంది. ఇంకో గుప్పెడు వేస్తే నీళ్ళ ఉప్పదనం పెరిగి చేప మీద భారం పడుతుంది. పసుపు మన ఒంటికి మంచిదేమో, ట్యాంకులో మాత్రం అడుగున పేరుకుని నీళ్ళు పాడుచేస్తుంది. ఎప్సమ్ సాల్ట్ వేరే పదార్థం, అది మెగ్నీషియం సల్ఫేట్. విడి ట్యాంకులో 20 లీటర్లకు ఒక టేబుల్ స్పూన్ మించకుండా, కరిగించి పోస్తే వాపుకు కాస్త సాయపడుతుంది. క్రిముల్ని చంపదు.

అపోహ: కాపర్ అన్నిటికీ పనిచేస్తుంది.

వాస్తవం: కాపర్ తెల్లమచ్చలకు, వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బుకు మందు. కంట్లో బ్యాక్టీరియాకు దానితో లాభం లేదు. పగడాలు, రొయ్యలు, నత్తలు మాత్రం చస్తాయి.

అపోహ: యాంటీబయాటిక్ మెయిన్ ట్యాంకులోనే వేసేయొచ్చు.

వాస్తవం: దయచేసి వద్దు. యాంటీబయాటిక్ అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. 40–60 లీటర్ల విడి ట్యాంకు చాలు. పాత స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క. ఇసుక, రాళ్ళు వద్దు. మందు ఉన్నన్నాళ్ళూ ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయాలి, యూవీ లైటు ఆపాలి, రోజూ అమ్మోనియా చూడాలి. సముద్రపు చేప నీళ్ళు తాగుతుంది కాబట్టి నీళ్ళలో వేసిన మందు కొంత లోపలికి పోతుంది. అయినా తినే చేపకు మేతలో కలిపి ఇవ్వడమే మేలు. విబ్రియో గ్రామ్ నెగటివ్ రకం, దానిమీద ఎరిత్రోమైసిన్ లాంటివి పెద్దగా పనిచేయవు. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది చేపల వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టరును అడిగి, మొదలుపెట్టిన కోర్సు పూర్తి చేయండి.

అపోహ: మన కంటి చుక్కలే చేపకూ వేయొచ్చు.

వాస్తవం: మొదట చెప్పిన లయన్‌ఫిష్ విషయంలో జరిగింది ఇదే. ఉబ్బింది ఎడమ కన్ను ఒక్కటే. రెండు రోజుల ముందు దాన్ని వలతో వేరే ట్యాంకుకు మార్చారు, ముళ్ళు వలలో చిక్కి గింజుకుంది. దెబ్బ అక్కడే తగిలింది. తర్వాత చుక్కలు వేయాలని మళ్ళీ వలతో పట్టి బయటికి తీశారు. లయన్‌ఫిష్ ముళ్ళలో విషం ఉంటుంది, ఆయన చేతికి గుచ్చుకోకపోవడం అదృష్టం. చుక్కలేమో చేపను నీళ్ళలో వదలగానే కడుక్కుపోయాయి. పైగా ఆ సీసాలో స్టెరాయిడ్ కలిసి ఉంది, అది కార్నియా పుండు మానకుండా చేస్తుంది. చేపను మార్చాలంటే వల వద్దు, నీళ్ళతో సహా డబ్బాలోకి తోలండి. ఉబ్బిన కంటిని సూదితో గుచ్చే పని కూడా ఇంట్లో ఎప్పుడూ చేయకండి.

అపోహ: కన్ను పోతే చేప పోయినట్టే.

వాస్తవం: ఆ లయన్‌ఫిష్‌కు మూడు వారాల్లో వాపు దిగింది, కానీ ఎడమ కన్ను కుంచించుకుపోయి చూపు పోయింది. మొదటి పది రోజులు అటువైపు మేత పెడితే కదల్లేదు. చేప ఆకలి చచ్చిపోయిందనుకుని ఆ ఇంట్లో పిల్లవాడు ఏడ్చాడు. పుల్లకు రొయ్య ముక్క గుచ్చి కుడివైపు నుంచి చూపించమన్నాను. ఇప్పుడు వాడు పుల్ల పట్టుకుని ఆ వైపు నిలబడితే చాలు, రెక్కలు విప్పుకుంటూ అద్దం దాకా వచ్చేస్తుంది.