సీ1 అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

ఐఈఎల్‌టీఎస్ గురించి మనవాళ్లలో తెలియనివారు తక్కువ. కేంబ్రిడ్జ్ వారి సీ1 అడ్వాన్స్‌డ్ (పాత పేరు సీఏఈ) విషయంలో మాత్రం విన్న మాటలే ఎక్కువ తిరుగుతుంటాయి.

అపోహ: పెద్ద పెద్ద పదాలు బట్టీ పడితే చాలు.

వాస్తవం: ఇది పదాల పరీక్ష కన్నా వాక్యంపై పట్టును చూసే పరీక్ష. రీడింగ్ అండ్ యూజ్ ఆఫ్ ఇంగ్లిష్ పేపర్‌కు 90 నిమిషాలు, 8 భాగాలు, 56 ప్రశ్నలు. నాలుగో భాగాన్నే చూడండి. "ఐ రిగ్రెట్ నాట్ టేకింగ్ దట్ జాబ్" అని ఇచ్చి, "విష్" అనే మాట వాడి అదే అర్థం తెమ్మంటారు. "ఐ ... దట్ జాబ్" మధ్యలో "విష్ ఐ హ్యాడ్ టేకెన్" రావాలి. ఇందులో అన్నీ చిన్న మాటలే. కానీ "విష్"ను "విష్డ్" చేస్తే జవాబు చెల్లదు, ఎందుకంటే ఇచ్చిన మాటను మార్చకూడదు. దానితో కలిపి 3 నుంచి 6 మాటలే ఉండాలి. "ఐ హ్యాడ్"ను "ఐడ్" అని కుదించి రాసినా రెండు మాటలుగానే లెక్క. ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు. సగం సరిగ్గా ఉంటే 1 వస్తుంది. తప్పుకు మార్కులు తీసేయరు కాబట్టి ఖాళీ వదలొద్దు.

అపోహ: రైటింగ్‌లో 260 పదాలు దాటితే మార్కులు కోసేస్తారు.

వాస్తవం: రెండు రచనలు, ఒక్కోటి 220-260 పదాలు. నాలుగు పదాలు ఎక్కువైనంత మాత్రాన కోత ఉండదు. అసలు నష్టం వేరే చోట. ఎస్సేకు మూడు అంశాలిచ్చి రెండింటిని ఎంచుకోమంటారు. చాలామంది మూడూ రాసేసి, దేన్నీ లోతుగా చర్చించరు. బట్టీ పట్టిన పేరాలూ అంతే, అడిగినదానికి అతకవు.

అపోహ: ఒక పేపర్ పోతే పరీక్ష పోయినట్టే.

వాస్తవం: రీడింగ్, యూజ్ ఆఫ్ ఇంగ్లిష్, రైటింగ్, లిజనింగ్, స్పీకింగ్ అయిదు స్కోర్ల సగటే తుది స్కోరు. 180 వస్తే సీ1 స్థాయి అందుకున్నట్టే. 160-179 మధ్య ఆగితే దానికి ఒక మెట్టు కింది స్థాయి అయిన బీ2 సర్టిఫికెట్ ఇస్తారు.

అపోహ: స్పీకింగ్‌లో బ్రిటిష్ యాస రావాలి, పక్కవాళ్లు మనకన్నా బాగా మాట్లాడితే దెబ్బే.

వాస్తవం: ఇద్దరిని కలిపి సుమారు 15 నిమిషాలు పరీక్షిస్తారు, మార్కులు మాత్రం ఎవరివి వాళ్లకే. యాసతో పేచీ లేదు, మాట స్పష్టంగా అర్థం కావాలి. తెలుగువాళ్లం "డెవలప్"లో మొదటి భాగాన్ని నొక్కుతాం; నొక్కాల్సింది రెండోది. సాధన ఇలాంటి చోట చేయండి. మూడో భాగంలో ఇద్దరూ చర్చించుకోవాలి. అక్కడ ఏకధాటిగా ఉపన్యాసం ఇవ్వడం కన్నా పక్కవారి మాట అందుకుని కొనసాగించడం మేలు.

అపోహ: ఐఈఎల్‌టీఎస్ అడిగే ప్రతిచోటా ఇదీ చెల్లుతుంది.

వాస్తవం: సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉండదు, నిజమే. కానీ కొన్ని యూనివర్సిటీలు ఇటీవలి స్కోరే కావాలంటాయి. కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) ఇది పనికిరాదు. ఫీజు కట్టకముందే మీరు దరఖాస్తు చేసే కోర్సు పేజీలో ఈ పరీక్ష పేరు, కావలసిన స్కోరు ఉన్నాయో లేదో చూసుకోండి.