చేతి పట్టీకి అందని బీపీ

మా అక్కది కోవూరు. మూడేళ్ల క్రితం దాకా మేడ మెట్లెక్కి వడియాలు ఎండబెట్టి గబగబా దిగి వచ్చేది. తర్వాత సగం మెట్ల దగ్గరే ఆగి గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో తలా ఒక మాట అన్నాం. రక్తం తక్కువేమో అన్నారొకరు, గ్యాస్ అన్నారొకరు. ‘లావెక్కావు, అందుకే ఆయాసం’ అన్నది నేను. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండు. ఒక క్లినిక్‌లో చేతికి పట్టీ కట్టి బీపీ చూసి, ‘నార్మల్‌గానే ఉందమ్మా, టెన్షన్ తగ్గించుకో’ అని ఐరన్ మాత్రలు రాశారు. ఎనిమిది నెలలు అవే మింగింది. ఒకరోజు పొద్దున నీళ్ల బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు ఎకో (గుండె స్కాన్) తీస్తే తెలిసింది, పల్మనరీ హైపర్‌టెన్షన్ అని. అంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరగడం.

బీపీ నార్మల్ అన్నది అబద్ధం కాదు. ఆ పట్టీ కొలిచేది వేరే బీపీ. గుండె ఎడమ భాగం రక్తాన్ని ఒళ్లంతా పంపుతుంది, కుడి భాగం ఊపిరితిత్తులకు పంపుతుంది. రెండు వైపులా పోయే రక్తం ఒకటే, విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 5 లీటర్లు. ఒత్తిడిలో మాత్రం ఎంతో తేడా. చేతి దగ్గర 120/80 ఉన్న మనిషికి సగటు ఒత్తిడి 90 పైచిలుకు ఉంటుంది. ఊపిరితిత్తుల ధమనిలో అది 14 దగ్గరే.

అంత తక్కువ ఒత్తిడితో అంత రక్తం ఎలా పారుతుందో పెన్నా కింద వరి పండించేవాళ్లకు చెప్పక్కర్లేదు. కాలవలోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి మడుల్లోకి నీరు తనంతట తానే పోతుంది, కాస్త పల్లం ఉంటే చాలు. బోదెలు పూడిపోయినప్పుడే వెనకాల నీరు ఎగదన్ని గట్టు మీద బరువు పడుతుంది. ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాలూ అలాగే ఇరుకవుతాయి. కొందరిలో నాళాల గోడలే లోపలివైపుకి దళసరెక్కుతాయి, కొందరిలో పాత రక్తపు గడ్డలు అడ్డం పడతాయి. ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి 20 దాటితే జబ్బు ఉన్నట్టే లెక్క. 2022లో యూరప్ వైద్య సంఘాలు సవరించిన గీత ఇది, అంతకుముందు 25 ఉండేది. ఎకో అనుమానం చెబుతుంది. ఖాయం చేసేది మాత్రం మెడ దగ్గరో తొడ దగ్గరో సిరలోంచి సన్నటి గొట్టం పంపి, గుండె కుడివైపు ఒత్తిడిని నేరుగా కొలిచే పరీక్ష.

గుండె కుడి భాగం గోడ మామూలుగానే ఎడమదానికంటే పలచన. ఒత్తిడి పెరిగేకొద్దీ మొదట మందమవుతుంది, తర్వాత సాగిపోతుంది. కూర్చుని ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. మెట్లెక్కితే ఒంటికి ఎక్కువ రక్తం కావాలి, అది అందదు. ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం అందుకే. ముందుకు పోలేని రక్తం వెనక పేరుకుంటే కాళ్లు వాస్తాయి, పొట్ట ఉబ్బుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం చూడ్డానికి బాగానే ఉంటుంది. అక్కను మేం నమ్మకపోవడానికి కారణం అదే.

ఇది అంత అరుదేమీ కాదు. ప్రపంచంలో నూటికి ఒకరికి ఏదో ఒక రూపంలో ఉంటుందని అంచనా. ఎక్కువమందిలో ఎడమ గుండె జబ్బు వల్లో, ఊపిరితిత్తుల జబ్బు వల్లో వస్తుంది. చిన్నప్పటి కీళ్ల జ్వరంతో గుండె కవాటం పాడైనవాళ్లు, పుట్టుకతో గుండెలో రంధ్రం ఉండి మూయించుకోనివాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనో, మార్కాపురం పలకల గనుల్లోనో ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చినవాళ్లకు ఊపిరితిత్తులు గట్టిపడి, దాని వెనకే ఇదీ రావచ్చు. రక్తపు గడ్డల వల్ల వచ్చిన రకాన్ని కొందరిలో ఆపరేషన్‌తో పూర్తిగా నయం చేయొచ్చు. కాబట్టి ‘ఏ రకం?’ అని డాక్టరును తప్పకుండా అడగండి. గడ్డలున్నాయేమో చూసే స్కాన్ చేశారా అని కూడా అడగండి. ఇది చదివి ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ ప్రశ్నలే గుర్తుంచుకోమంటాను.

అక్కది నాళాల గోడలు దళసరెక్కే రకం, అరుదైనది, ఆడవాళ్లలో ఎక్కువ. డాక్టరు రాసిన మందుల్లో సిల్డెనాఫిల్ ఒకటి. బావ చీటీ తీసుకుని మెడికల్ షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు నవ్వాడట. బావ మందు తీసుకోకుండానే వచ్చేశాడు. వయాగ్రాలో ఉండేది ఈ మందే, నిజమే. ఈ మందు అడ్డుకునే ఎంజైమ్ ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ బాగా ఉంటుంది. దాన్ని ఆపితే నాళాలు సడలి దారి కాస్త వెడల్పవుతుంది. 2005 నుంచే అమెరికాలో ఈ జబ్బుకు దీన్ని ఆమోదించారు. సిగ్గుపడి ఒక్క పూట కూడా మానకూడదు. ఇది వాడేవాళ్లు ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మాత్ర వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట చెప్పాల్సిన సంగతి ఇది.

కొత్తగా పెళ్లయిన ఆడపిల్లకు ఈ జబ్బు ఉందని తెలిస్తే, పిల్లల కోసం తొందరపెట్టకండి. గర్భం తల్లి ప్రాణానికే ముప్పు కావచ్చు. ఈ జబ్బుకు వాడే బోసెంటాన్, యాంబ్రిసెంటాన్ లాంటి మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. ఈ మాట అత్తగారితో ఆ పిల్ల ఒంటరిగా చెప్పుకోలేదు. భర్త చెప్పాలి.

ఇక ఉప్పు. ఇసకపల్లి ఉప్పు మడుల పక్కన పుట్టినవాళ్లం, ఎండుచేపలు, ఊరగాయ లేని పూట తెలియదు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరుతుంది, కుడి గుండెకు మోత పెరుగుతుంది. అక్కకు చేపల పులుసు మానక్కర్లేకపోయింది. వేరే గిన్నెలో ఉప్పు తగ్గించి వండుతున్నాం. రోజూ పొద్దున బరువు చూసి నోటుబుక్కులో రాస్తుంది. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే డాక్టరుకి ఫోన్ చేస్తాం.

మే 5న ఈ జబ్బు గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటారు. 1981లో స్పెయిన్‌లో కల్తీ నూనె తిని వేలమంది జబ్బుపడ్డారు, కొందరికి ఊపిరితిత్తుల్లో ఈ ఒత్తిడి వచ్చింది. అలా చనిపోయిన ఒక చిన్నబిడ్డ జ్ఞాపకంగా ఆ తేదీ పెట్టారు. ఇక రోగులు ఒకరికొకరు తోడు నిలవడం 1990ల మొదట్లో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఒక వంటింటి బల్ల చుట్టూ కూర్చున్న కొద్దిమందితో ఊపందుకుంది. తనలాంటి ఇంకొక మనిషిని చూడ్డం ఎంత అవసరమో నాకు మొన్నటిదాకా తెలియదు.

చెన్నైలో ఆరు నిమిషాల నడక పరీక్షకు వెళ్లినప్పుడు, వరండా చివర కుర్చీలో కందుకూరు ఆవిడ ఒకరు కూర్చుని ఉన్నారు. ఆవిడదీ ఇదే జబ్బు. ‘మెట్ల దగ్గర ఆగితే మీవాళ్లూ బద్ధకం అన్నారా?’ అని అడిగారు. అక్క తలూపి ఏడ్చేసింది. ఇప్పుడు ఇద్దరూ రోజూ పొద్దున్నే ఫోన్ చేసుకుంటారు. ‘ఈరోజు ఎంత?’ అని ఒకరు, ‘యాభై నాలుగున్నర’ అని ఇంకొకరు. ఆ తర్వాతే కాఫీ.