బిగిసిన స్క్రూ, బలిసిన తుప్పు

పాత తోపడాలో (చెక్కను చిత్రిక పట్టే పనిముట్టు) స్క్రూ కదలకపోతే, పూర్వం ఎవరో మహాబలుడు దాన్ని బిగించి పోయాడనుకుంటాం. పాపం, ఆయన తప్పేమీ లేదు. అసలు ముద్దాయి తుప్పు.

ఇనుము తుప్పు పట్టినప్పుడు రంగు మారడంతో సరిపెట్టుకోదు, ఒళ్ళు చేస్తుంది. కరిగిపోయిన ఇనుము ఆక్రమించిన చోటు కంటే, దాని నుంచి పుట్టిన తుప్పుకు రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి. తేమను ఎంతగా కలుపుకుంటే అంతగా ఉబ్బుతుంది. పైపైన పట్టిన తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది. మర చుట్ల (స్క్రూ ఒంటి మీది మెలికల) మధ్య పుట్టినదానికి బయటికి దారి లేదు, అందుకే రెండు వైపులా ఒత్తుతుంది. బీచి దగ్గరి పాత ఫ్లాట్లలో పైకప్పు పెచ్చులు ఊడిపడటానికి కారణం కూడా కాంక్రీటు లోపల కమ్మి ఇలా ఉబ్బడమే.

ఈ విషయంలో చెన్నైకి ప్రత్యేక శాపం ఉంది. వాన పడనక్కరలేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం చాలు. అంటే తిరువాన్మియూరులో అటక మీద పెట్టిన పనిముట్టు మీద కంటికి కనిపించని ఉప్పునీటి పొర ఎప్పుడూ ఉన్నట్టే. లోహాలను ఏళ్ల తరబడి సముద్రపు గాలికి వదిలి పరీక్షించడానికి కారైక్కుడిలోని కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ రామేశ్వరం దగ్గరి మండపం ఊరి తీరాన్ని ఎంచుకుందంటే ఈ గాలి ఎంత ఘాటైనదో ఊహించుకోవచ్చు.

ఇక ఆ స్క్రూ మీద మన బలం ఏమవుతుందో చూద్దాం. మామూలు స్క్రూను బిగించేటప్పుడే మనం పెట్టే శక్తిలో సుమారు 50 శాతం తల కింది రాపిడికి, 40 శాతం మరల రాపిడికి పోతుంది. వస్తువును పట్టి ఉంచడానికి మిగిలేది పది శాతమే. ఆ 90 శాతం మీద తుప్పు కూడా చేరితే, తల పగిలేదాకా తిప్పినా మర కదలదు.

పైగా చాలామంది స్క్రూడ్రైవర్లు ఆ తలకు తగినవి కావు. మామూలు స్క్రూడ్రైవర్ మొన వాలుగా ఉంటుంది. పాత స్క్రూ తలమీది గాడి గోడలు నిటారుగా ఉంటాయి. మొన గాడి అంచులను మాత్రమే తాకుతుంది కాబట్టి, గట్టిగా తిప్పగానే పైకి ఎగబాకి అంచును కొరికేస్తుంది. ఆకురాయితో మొన రెండు ముఖాలనూ సమాంతరంగా అరగదీసి, గాడి నిండా, అడుగుదాకా దిగేలా చేయాలి. కొట్లో కొన్న ఏ మందుకన్నా ఈ పది నిమిషాల పనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

నూనె సంగతికొస్తే, పలచగా ఉండాలి, సన్నటి సందులో తనంతట తానే పాకాలి. కిరసనాయిలు తలతన్యత, అంటే పైపొరను బిగబట్టి ఉంచే లాగుడు, నీటి తలతన్యతలో సగం కూడా ఉండదు. అందుకే అది నీరు దూరని చోటికి దూరుతుంది. నువ్వుల నూనె వద్దు, కొంతకాలానికి బంకగా మారుతుంది. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే మీద జనానికి ఉన్న భక్తి కూడా కాస్త ఎక్కువే. 1953లో శాన్ డియేగోలో దాన్ని తయారుచేసింది నీటిని తరిమి తుప్పును ఆపడానికి. పట్టేసిన స్క్రూలను విడిపించడం దానికి తర్వాత వచ్చిన పేరు. ఏ నూనె అయినా దానికి కావలసింది సమయం. రాయపురంలో తెలుగు వడ్రంగి పెద్దాయన ఒకరు నా తొందర చూసి, "నూనె పోసి వెంటనే తిప్పితే నూనే దండగ, చెయ్యీ దండగ. రాత్రంతా నాననీ నాయనా" అన్నారు.

తెల్లవారాక తిప్పడం కాదు, తట్టడం మొదలుపెట్టాలి. తుప్పు పెళుసు పదార్థం. నొక్కితే తట్టుకుంటుంది, అదిరితే పగులుతుంది. ఇత్తడి కడ్డీని స్క్రూ తల మీద నిలబెట్టి చిన్న సుత్తితో టకటకా కొడితే తల చెడదు, లోపల పగుళ్లు పడతాయి, ఆ పగుళ్లలోకి నూనె దిగుతుంది. ఆ తర్వాత ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పాలి.

అప్పటికీ రాకపోతే వేడి. నూనె పూర్తిగా తుడవకుండా మంట దగ్గరికి తేకూడదు. వేడి చేస్తే స్క్రూ దిగిన రంధ్రం కుంచించుకుపోతుందని కొందరి భయం. రంధ్రం కూడా లోహంతోపాటే పెద్దదవుతుంది. పోత ఇనుములో 6 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 150 డిగ్రీల మేర వేడెక్కిస్తే మిల్లీమీటరులో వందో వంతు విచ్చుకుంటుంది. వెంట్రుక మందంలో ఏడో వంతు లాంటిది. తుప్పు పట్టు తెగడానికి అది తరచు సరిపోతుంది. కానీ తోపడా బ్లేడును, దాని మీది ఇనుప రేకును కలిపే స్క్రూ దగ్గర మంట పనికిరాదు. బ్లేడు 220 డిగ్రీలు దాటి లేత గడ్డి రంగుకు తిరిగిందంటే పదును నిలిపే గట్టిదనం జారిపోతున్నట్టే. అక్కడ సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద మాత్రమే కాసేపు ఆనించాలి. స్క్రూ ఒక్కటే ఉబ్బి తుప్పును నలుపుతుంది, చల్లారి ముడుచుకున్నప్పుడు సందు ఇస్తుంది.

స్క్రూ వచ్చాక తల పాడైపోయి ఉంటే కొత్తది కావాలి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. పాత పనిముట్లలో చాలావాటివి అంగుళాల మరలు. పావు అంగుళం స్క్రూ మందం 6.35 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.27. దాని బదులు 6 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూ పెడితే వదులుగానే దిగుతుంది, కానీ దాని చుట్ల దూరం 1 మిల్లీమీటరే కాబట్టి కాస్త లోపలికి వెళ్లాక అడ్డం పడి పాత మరలనూ చెడగొడుతుంది. పాత స్క్రూను జేబులో వేసుకుని చెన్నైలోని పుదుప్పేట పాత సామాన్ల బజారుకు వెళ్లండి. రెండింటి మరలనూ ఒకదానిలో ఒకటి ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే కొనకండి.