కాలువ గట్టున కొలువులు

కడియపులంకలో ఒక నర్సరీ షెడ్డు. పీట మీద కూర్చున్న ఒకావిడ మామిడి టెంక నుంచి మొలిచిన మొక్క తల తుంచి, కాండాన్ని బ్లేడుతో చీల్చి, అందులో మేలురకం పుల్లను దింపి ప్లాస్టిక్ పట్టీ చుట్టేశారు. నిమిషం పట్టలేదు. కట్టు వదులైతే నీరు దిగి పుల్ల కుళ్లిపోతుంది. పుల్ల, కాండం ఒకే లావున లేకపోతే బెరడు కలవదు, అంటు చస్తుంది. ఇంత నేర్పున్న పనికి దరఖాస్తుల్లో వృత్తి దగ్గర ఏమి రాయిస్తారని అడిగాను. "కూలీ అనే రాయిస్తామండి" అన్నారు.

పర్యావరణహిత ఉద్యోగాల గురించి ఇప్పుడు కళాశాలల్లో సదస్సులు జరుగుతున్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ తదితరులు కలిసి 2008లో ఇచ్చిన నివేదికతో ఈ మాటకు ప్రచారం పెరిగింది. మన దేశంలో వీటికోసమే ఒక నైపుణ్య మండలి 2015లో ఏర్పడింది. పిల్లలకు మాత్రం ఈ మాట వింటే సౌర ఫలకాలే గుర్తుకొస్తాయి. గోదావరి డెల్టాలో ఈ కొలువుల చరిత్ర అంతకంటే చాలా పాతది.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీళ్లిచ్చింది. దానితోపాటు రవాణాకు కాలువలు, లాకులు వచ్చాయి. పొగ లేకుండా ధాన్యం, కొబ్బరి పడవల మీద సాగేవి. పడవ సరంగులు, లాకు కాపలాదారులు, గట్టు వెంట నడిచి గండ్లు కనిపెట్టి తూముల తలుపులు ఎత్తి దించే లస్కర్లు ఆ వ్యవస్థను నిలబెట్టారు. రోడ్డు, లారీ వచ్చాక పడవలు పోయాయి. ఈ మార్పును అభివృద్ధి అనుకున్నామే గానీ, పోయిన పనులను లెక్కపెట్టలేదు. 1997 చట్టంతో నీటి సంఘాలు ఏర్పడి కాలువల బాధ్యతలో రైతులకు వాటా దక్కింది. అయినా గుర్రపుడెక్క తీయడం ఈనాటికీ సీజను పనిగానే ఉంది.

అసలు దెబ్బ 1990లలో తగిలింది. తీరం వెంట వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. ఎకరం వరికి ఊడ్పులు, కలుపులు, కోతలు కావాలి. చెరువుకు ఒక కాపలా మనిషి, మేత వేసే ఇద్దరు ముగ్గురు చాలు. రొయ్యలు ఒలిచే షెడ్లలో ఆడవాళ్లకు పని దొరికిన మాట నిజమే. కానీ చెరువు ఉప్పునీరు ఇంకి పక్క చేను చౌడుబారితే అక్కడి ఊడ్పు పని కూడా పోయింది. రొయ్యలకు సోకే తెల్లమచ్చ తెగులు చెరువులను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలోని చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహా, తొలగించమంది. 2005లో తీర జలసాగు చట్టం వచ్చింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి రాగానే సాగు మళ్లీ ఎగిసింది.

ఇంతలో కాకినాడ దగ్గరి కోరంగిలో వేరే పాఠం మొదలైంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ మడ అడవిలో, పాడైన చోట్ల ఆటుపోట్ల నీరు ఆడేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మొక్కలు నాటారు. ఆ పని చేసినవారు చుట్టుపక్కల మత్స్యకార గ్రామాలవారే. ఏ పాయలో ఏ పోటుకు నీరు ఎంత ఎత్తు వస్తుందో వాళ్లకు తెలుసు. నా దృష్టిలో డెల్టాలో అత్యంత విలువైన నైపుణ్యం ఇదే. దీనికి నెల జీతమున్న పదవి ఉండాలి.

కోనసీమ పీచు మిల్లుల పక్కన ఒకప్పుడు వృథాగా కుప్పపోసిన కొబ్బరి పొట్టు ఇప్పుడు ఇటుకలుగా మారి నర్సరీలకు వెళుతోంది. కడియంలో అంటు మొక్కల సంచుల్లో మట్టితో కలిసేది అదే. పొట్టును నానబెట్టి, ఉప్పు కడిగి, ఆరబెట్టి అదిమేది ఎక్కువగా మహిళలే. వాళ్ల గుర్తింపు పత్రాల్లోనూ వృత్తి కూలీయే. అదే పని నేర్పి ధ్రువపత్రం ఇచ్చే కోర్సును ఊళ్లోని ఐటీఐలో పెట్టి, పాఠం చెప్పడానికి ఆ మహిళలనే పిలవాలి. గౌరవవేతనం ఇచ్చి, వృత్తి దగ్గర శిక్షకురాలు అని రాయాలి.