పండుగ చూడడానికి పరదేశం వెళ్లేవారికి: అపోహలు – వాస్తవాలు

అమలాపురం నుంచి యాత్రికుల బృందాలను ఆసియా దేశాలకు తీసుకువెళ్లడం నా వృత్తి. ఈ మధ్య మా వద్దకు వచ్చేవారిలో చాలామంది గుళ్లు, సముద్రతీరాలు, షాపింగు మాత్రమే చాలవనీ, అక్కడివారి పండుగ కూడా చూపించమనీ అడుగుతున్నారు. కోరిక మంచిదే. అయితే తీర్థంలో (జాతరలో) ఎలా మెలగాలో చిన్ననాటి నుంచి తెలిసిన కోనసీమ వారు సైతం విమానం ఎక్కేసరికి ఆ పండుగను మన కోసం ఏర్పాటు చేసిన ప్రదర్శనగా భావించడం నేను తరచుగా చూస్తున్నాను. ఈ అపోహలలో చాలావాటికి మూలం అదే.

అపోహ: పండుగ రోజున దిగితే ఊరంతా సందడిగా ఉంటుంది.

వాస్తవం: బాలి ద్వీపంలో న్యేపీ రోజున దిగడమే సాధ్యం కాదు, ఎందుకంటే ఆ 24 గంటలూ అక్కడి విమానాశ్రయాన్ని మూసివేస్తారు. శక సంవత్సరాది అయిన ఆ రోజున ఉదయం ఆరు గంటల నుంచి మర్నాడు ఉదయం ఆరు గంటల వరకు నిప్పు వెలిగించడం, పని చేయడం, ప్రయాణించడం, వినోదాలలో పాల్గొనడం నిషిద్ధం. మతంతో నిమిత్తం లేకుండా పర్యాటకులు సైతం తాము బస చేసిన హోటలు ఆవరణ దాటి బయటికి రాకూడదు. వీధులలో పెచలాంగ్ అనే గ్రామ రక్షకులు కాపలా తిరుగుతారు. 2018 నుంచి ఆ రోజున మొబైల్ ఇంటర్నెట్‌ను కూడా నిలిపివేస్తున్నారు. 2026లో న్యేపీ మన ఉగాది నాడే, అంటే మార్చి 19న వచ్చింది కానీ, ప్రతి ఏడాదీ రెండూ కలుస్తాయని లెక్క వేసుకోకూడదు. 2024లో అది ఉగాదికి దాదాపు నెల రోజుల ముందే, మార్చి 11న వచ్చింది.

మీరు కోరే సందడి ముందురోజు సాయంత్రమే ఉంటుంది. వెదురు, కాగితంతో చేసిన ఓగో-ఓగో అనే భూతాల బొమ్మలను వెదురు బొంగుల చట్రం మీద నిలిపి, యువకులు భుజాల మీద మోస్తూ, కూడలి వచ్చినప్పుడల్లా గిరగిరా తిప్పుతారు. ప్రభ (తీర్థానికి దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసే వెదురు కట్టడం) మోసిన అనుభవం ఉన్న మన కుర్రవాళ్లు బొమ్మను వదిలేసి, మోసేవారి అడుగుల వైపే చూస్తారు. కాబట్టి కనీసం రెండు రోజులు ముందుగా చేరుకుని, ఆ మౌన దినాన్ని కూడా ప్రయాణంలో భాగంగానే లెక్కించుకోవాలి. వియత్నాంలో టెట్ అనే కొత్త సంవత్సరం పండుగ సమయంలోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. జనం సొంత ఊళ్లకు వెళ్లిపోవడంతో చాలా దుకాణాలు మూతపడతాయి, రైలు టిక్కెట్లు దొరకడం కష్టమవుతుంది.

అపోహ: నిరుటి తేదీ చూసి టిక్కెట్లు కొనుక్కోవచ్చు.

వాస్తవం: థాయిలాండ్‌లో నీళ్లు చల్లుకునే సాంగ్‌క్రాన్ పండుగ ఏటా ఏప్రిల్ 13 నుంచి 15 వరకు జరుగుతుంది కనుక దానికి ఇబ్బంది లేదు. అక్కడే నీటిలో దీపాలు వదిలే లాయ్ క్రథోంగ్ మాత్రం పున్నమిని బట్టి వస్తుంది; చాలా ఏడాదులలో అది మన కార్తీక పున్నమి నాడో, దాని పక్క రోజో పడుతుంది. బాలిలోని గలుంగాన్ పండుగ 210 రోజులకు ఒకసారి వస్తుంది గనుక కొన్ని ఏడాదులలో రెండుసార్లు కూడా వస్తుంది.

అపోహ: లాయ్ క్రథోంగ్ సమయంలో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయిలో ఆకాశ దీపాల టిక్కెట్టు కొనకపోతే ఏమీ చూడలేము.

వాస్తవం: ఫోటోలలో వేల దీపాలు ఒకేసారి పైకి లేచే దృశ్యం ఎక్కువగా నగరం వెలుపల జరిగే టిక్కెట్టు కార్యక్రమాలది, వాటి ధర కూడా ఎక్కువే. అదే సమయంలో పింగ్ నది ఒడ్డున ఎవరైనా కొద్దిపాటి ఖర్చుతో క్రథోంగ్ కొని నీటిలో వదలవచ్చు. అరటి బోదెను అడ్డంగా బిళ్లలుగా కోసి, చుట్టూ అరటి ఆకును మడతలు పెట్టి గుచ్చి, పూలు, అగరువత్తులు, కొవ్వొత్తి అమర్చి దానిని తయారు చేస్తారు. పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున కాలువలో అరటి దొప్ప మీద దీపం వదిలిన మన ఆడవాళ్లకు అక్కడ ఎవరూ ఏమీ నేర్పనవసరం లేదు. నా అభిప్రాయంలో ఆ టిక్కెట్టుకు పెట్టే సొమ్ముతో అక్కడ ఇంకొక రాత్రి ఉండడం మేలు.

అపోహ: సాంగ్‌క్రాన్‌లో ఎవరి మీదనైనా నీళ్లు చల్లవచ్చు.

వాస్తవం: 2023లో యునెస్కో జాబితాలో చేరిన ఈ పండుగకు మూలం బుద్ధ విగ్రహాలను అభిషేకించడం, పెద్దల చేతుల మీద నీరు పోసి ఆశీర్వాదం తీసుకోవడం. భిక్షువుల మీద, పసిపిల్లల మీద, వృద్ధుల మీద నీళ్లు చిమ్మకూడదు.

అపోహ: బహిరంగంగా జరిగే ఉత్సవం కనుక ఫోటోకు అడ్డు ఉండదు.

వాస్తవం: మలేషియాలో సుబ్రహ్మణ్యస్వామి పండుగ అయిన తైపూసం నాడు బటు గుహల వద్ద కావడి మోసే భక్తులు వారాల తరబడి నియమంతో ఉండి వచ్చి 272 మెట్లు ఎక్కుతారు. వారి ముఖానికి ఎదురుగా ఫోను పట్టుకుని మెట్ల మీద నిలబడడం మర్యాద కాదు, ప్రమాదం కూడా. షష్ఠి తీర్థంలో మొక్కు తీర్చుకునేవారి దారికి మనం అడ్డు నిలబడతామా? ఆ ఊళ్లోనూ అంతే.

అపోహ: కోనసీమలో ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటలో గుడి, వేదిక, కూర్చోవడానికి కుర్చీలు ఉంటాయి.

వాస్తవం: ఇది మన ప్రాంతానికి వచ్చేవారు నన్ను అడిగే ప్రశ్న. అంబాజీపేట మండలం మొసలపల్లి వద్ద ఉన్న ఆ కొబ్బరితోటలో గుడి లేదు. కనుమ నాడు చుట్టుపక్కల గ్రామాల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరుకుంటారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటంగా ఢిల్లీలో ఊరేగింది ఈ తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువలో దిగి దాటుతాయి. నీటిలో నడిచేవారి భుజాల మీద ఉన్న ప్రభ ఒరగకుండా మిగిలినవారు మోకులు బిగించి పట్టుకుంటారు. దారిలో వరిచేలు తొక్కుడుపడినా రైతులు దానిని శుభంగానే భావిస్తారు.

వచ్చేవారు అమలాపురంలో ముందుగా బస చూసుకుని, ఉదయమే బయలుదేరి, రద్దీ మొదలైన చోట వాహనం ఆపి నడవడం మంచిది. తోటలో "అశ్శరభ శరభ" అన్న కేక వినిపించినప్పుడు వెనుదిరిగి చూస్తూ నిలబడకుండా వెంటనే పక్కకు తప్పుకోవాలి, ఎందుకంటే ప్రభ బరువుతో వస్తున్నవారు ఉన్నపళంగా ఆగలేరు.