జాతి పేరెత్తకుండా జాతి ఓట్లు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెప్పడం నా పని. అమెరికా ఎన్నికల పాఠం వచ్చిందంటే క్లాసు రెండుగా చీలిపోతుంది. సగం మంది "అక్కడ ప్రతి పాలసీ వెనకా రంగు ద్వేషమే ఉంది మాస్టారూ" అంటారు. మిగతా సగం "అదంతా ఓడిపోయినవాళ్లు చెప్పుకునే మాట" అని కొట్టిపారేస్తారు. జాతి దురభిమానం ఉన్న ఓటర్లను నాయకులు పాలసీలతో మెప్పించాలని చూశారా అంటే, చూశారు. దానికి కాగితాలున్నాయి, చట్టాలున్నాయి, ఆ పని చేసినవాళ్లే ఒప్పుకున్న మాటలున్నాయి. అయితే ఏ పాలసీ ఆ కోవలోకి వస్తుంది, ఏది రాదు అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియక పుట్టిన అపోహలు నాకు క్లాసులోనే కాదు, పెళ్లి భోజనాల దగ్గర కూడా వినిపిస్తుంటాయి.

అపోహ: చట్టంలో జాతి పేరు లేకపోతే అది జాతి రాజకీయం కాదు.

వాస్తవం: జాతి, రంగు కారణంగా ఎవరి ఓటు హక్కూ తీసేయకూడదని అమెరికా రాజ్యాంగానికి 1870లో 15వ సవరణ చేశారు. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాలు ఓటు వేయాలంటే పన్ను కట్టాలన్నాయి. చదవడం, రాయడం వచ్చో లేదో పరీక్ష పెట్టాయి. మరి చదువురాని తెల్లవాళ్ల సంగతేమిటి? దానికి లూసియానా 1898లో ఒక దారి వెతికింది. 1867 జనవరి 1 నాటికి ఓటు హక్కు ఉన్నవాళ్లకు, వాళ్ల కొడుకులకు, మనవలకు పరీక్ష అక్కర్లేదంది. ఆ తేదీ నాటికి అక్కడ నల్లజాతివాళ్లకు ఓటు లేదు. 1896లో లూసియానా ఓటర్ల జాబితాలో 1,30,000 మందికి పైగా నల్లజాతివాళ్లు ఉండేవారు. 1904 నాటికి మిగిలింది 1,342 మంది. ఇలాంటి తాత షరతును సుప్రీంకోర్టు 1915లో కొట్టేసింది. పరీక్షలు మాత్రం 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా చాలాచోట్ల నడిచాయి.

ఇది పాతకాలం ముచ్చట అనుకోవద్దు. రిపబ్లికన్ పార్టీ ఎన్నికల వ్యూహకర్త లీ అట్వాటర్ 1981లో ఒక పరిశోధకుడికి ఇంటర్వ్యూ ఇచ్చాడు. అప్పుడాయన అధ్యక్షుడు రీగన్ వైట్‌హౌస్‌లో పనిచేస్తున్నాడు. దాని ఆడియో 2012లో బయటికొచ్చింది. ఆయన చెప్పినదాని సారం ఇది: 1954లో నల్లవాళ్లను బాహాటంగా తిట్టి ఓట్లు అడిగేవారు. 1968 వచ్చేసరికి ఆ తిట్టు బెడిసికొట్టడం మొదలైంది. దాంతో స్కూలు బస్సులు (తెల్ల, నల్ల పిల్లలను ఒకే బడిలో కలపడానికి బస్సుల్లో వేరే పేటలకు పంపడం వద్దని), రాష్ట్రాల హక్కులు (కేంద్రం జోక్యం చేసుకోవద్దని) అంటూ మాట్లాడారు. తర్వాత పన్నుల కోత దాకా వచ్చారు. పైకి అది డబ్బు లెక్కే, కానీ దెబ్బ తెల్లవాళ్లకన్నా నల్లవాళ్లకు ఎక్కువ తగులుతుంది.

ఇంతవరకు అందరూ చెబుతారు. మాట ఇంతగా వేషం మార్చుకుందంటే జాతి సమస్య ఏదో ఒక రకంగా తగ్గిపోతున్నట్టేనని కూడా ఆయన అదే ఇంటర్వ్యూలో వాదించాడు. ఆ ముక్క దాచిపెట్టి మొదటిదే చెప్పడం న్యాయం కాదు. ఆ వాదనను మాత్రం నేను ఒప్పుకోను. మాట మెత్తబడింది గానీ దెబ్బ తినేవాళ్లు మారలేదు.

అపోహ: నాయకుడి మనసులో ద్వేషం ఉంటేనే ఇలాంటి పాలసీ పుడుతుంది.

వాస్తవం: 1958లో జార్జ్ వాలెస్ అలబామా గవర్నర్ పదవికి పోటీపడ్డాడు. నల్లజాతివాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ మద్దతు ఆయనకే దక్కింది. ప్రత్యర్థి జాన్ ప్యాటర్సన్‌కు తెల్లజాతి ఆధిపత్యవాదుల ముఠా కూ క్లక్స్ క్లాన్ అండగా నిలిచింది. వాలెస్ ఓడిపోయాడు. నాలుగేళ్ల తర్వాత అదే మనిషి, తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ వేరుగా ఉంచాల్సిందేనన్న నినాదంతో గెలిచాడు. 1963 జూన్‌లో ఇద్దరు నల్లజాతి విద్యార్థులను చేర్చుకోకుండా అలబామా యూనివర్సిటీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ముసలితనంలో క్షమాపణ చెప్పుకున్నాడు. 1982లో నల్లజాతి ఓట్లు కూడా తెచ్చుకుని మళ్లీ గవర్నరయ్యాడు.

ఏ ఏడాది ఆయన మనసులో ఏముందో తేల్చడం ఎవరి తరమూ కాదు. తేల్చక్కర్లేదు కూడా. ఓడినప్పుడు ఓటర్ల నుంచి ఏం నేర్చుకున్నాడో చాలు. గుమ్మంలో నిలబడ్డ గవర్నర్ లోపల మంచివాడా కాదా అన్నది, బయట పుస్తకాలతో నిలబడ్డ ఆ ఇద్దరికీ ఏం ఒరగబెడుతుంది? "మా నాయకుడికి అందరూ సమానమే, ఆయన ఇంట్లో వంట చేసేది ఫలానావాళ్లే" అనే సమర్థన ఏ దేశంలో విన్నా నాకు కోపం వస్తుంది. అడిగింది పాలసీ గురించి, చెబుతున్నది వంటింటి గురించి.

అపోహ: ఒక పాలసీ వల్ల ఒక జాతికే ఎక్కువ నష్టం జరిగితే, దురుద్దేశం రుజువైపోయినట్టే.

వాస్తవం: నాతో ఏకీభవించేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

1986లో అమెరికా కాంగ్రెస్ మాదకద్రవ్యాల చట్టం ఒకటి తెచ్చింది. పొడి రూపంలో ఉండే కొకైన్ 500 గ్రాములు అమ్మితే కనీసం ఐదేళ్ల జైలు. అదే సరుకు గడ్డకట్టి క్రాక్ అయితే 5 గ్రాములకే ఐదేళ్లు. ఒకటికి వంద రెట్లు. క్రాక్ కేసుల్లో శిక్ష పడినవాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు. 2010లో ఆ తేడాను 18 రెట్లకు తగ్గించేదాకా వేల కుటుంబాలు నాశనమయ్యాయి. నష్టం విషయంలో వాదనే లేదు. కానీ ఆ చట్టానికి ఓటేసిన వాళ్లలో నల్లజాతి సభ్యులు కూడా పలువురున్నారు. తమ పేటలు క్రాక్‌తో కాలిపోతుంటే ఏదో ఒకటి చేయాలని వాళ్లు తొందరపడ్డారు. అదే ఏడాది లెన్ బయాస్ అనే పేరున్న బాస్కెట్‌బాల్ కుర్రాడు కొకైన్‌తో చనిపోవడం ఆ తొందరను ఇంకా పెంచింది. కాబట్టి ఇది జాతి ఓట్ల కోసమే పుట్టిన చట్టమని నేను బోర్డు మీద రాయను. భయంలో పుట్టి, అన్యాయంగా నడిచి, తెలిసి కూడా ఏళ్ల తరబడి దిద్దకుండా వదిలేసిన చట్టం అంటాను. దిద్దకపోవడం గురించి అడిగే ప్రశ్న, పుట్టుక గురించి అడిగే ప్రశ్నకన్నా గట్టిది.

మరి ఉద్దేశాన్ని ఎలా పట్టుకోవాలి? నష్టం ఒక్కటే చాలదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో అంది. 1977లో ఆర్లింగ్టన్ హైట్స్ కేసులో ఏమేం చూడాలో చెప్పింది. నిర్ణయం వెనక చరిత్ర ఏమిటి? దానికి ముందు ఏ సంఘటనలు, ఏ వరసలో జరిగాయి? మామూలుగా పాటించే పద్ధతిని పక్కన పెట్టారా? సభలో, మినిట్స్‌లో ఎవరేం అన్నారు?

నార్త్ కరోలినాకు ఇవే ప్రశ్నలు వేయండి. 2013లో అక్కడి శాసనసభ్యులు ఏ జాతివాళ్లు ఏ పద్ధతిలో ఓటేస్తున్నారో లెక్కలు తెప్పించుకున్నారు. నల్లజాతివాళ్లు ఎక్కువగా వాడుకునే సౌకర్యాలకు కోత పెట్టారు. ముందస్తు ఓటింగ్‌ను 17 రోజుల నుంచి 10 రోజులకు తగ్గించారు. అదే రోజు పేరు నమోదు చేసుకుని ఓటేసే వీలు తీసేశారు. 2016లో అప్పీలు కోర్టు ఈ చట్టం నల్లజాతి ఓటర్లను శస్త్రచికిత్స చేసినంత కచ్చితంగా గురిపెట్టిందని చెప్పి కొట్టేసింది. వాళ్లు ఎదుటి పార్టీకి ఓటేస్తారనే అలా చేసినా అది వివక్షేనని కూడా అంది. నిజానికి ఇది దురభిమానులను మెప్పించడం కాదు, ఎదుటివాళ్ల ఓట్లు తగ్గించడం. పని వేరు, పనిముట్టు ఒకటే.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. 2025 సెప్టెంబరులో అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అన్న వార్త రాగానే ఇక్కడ చాలా ఇళ్లలో టెన్షన్ మొదలైంది. "మన పిల్లల మీద కక్షే కదండీ" అని తల్లిదండ్రులు నన్ను అడిగారు. హెచ్-1బీ పొందేవాళ్లలో పదింట ఏడుగురు భారతీయులే కాబట్టి దెబ్బ మనకే ఎక్కువ. అది నిజం. అయితే తక్కువ జీతానికి బయటివాళ్లను తెచ్చుకుంటున్నారన్న ఫిర్యాదు కూడా అక్కడ ఎన్నాళ్ల నుంచో ఉంది. అందులో కొంత నిజముంది. దెబ్బ తగిలిందని ఉద్దేశాన్ని తేల్చేయకుండా, పై నాలుగు ప్రశ్నలూ వేసి చూడమని వాళ్లకు చెప్పాను. నచ్చలేదని ముఖాల్లో కనిపించింది. అయినా అదే చెబుతాను.

అపోహ: అలాంటి పాలసీకి ఓటేసినవాళ్లందరూ జాతి ద్వేషులే.

వాస్తవం: కాదు. కొలవడం కూడా అంత తేలిక కాదు. మా విద్యార్థులు సర్వేకు ఊళ్లకు వెళ్లి కులం గురించి అడిగితే "మాకలాంటి పట్టింపుల్లేవు బాబూ" అనే జవాబే ఎక్కువ. అమెరికాలోనూ అంతే. అందుకే అక్కడి పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. ఒక గుంపుకు మామూలు విషయాలు మూడు ఇచ్చి, ఇందులో ఎన్నింటికి మీకు కోపం వస్తుందని అడుగుతారు. ఏవో చెప్పక్కర్లేదు, ఎన్నో చెబితే చాలు. రెండో గుంపుకు అవే మూడింటికి జాతికి సంబంధించినది నాలుగోది కలుపుతారు. మొదటి గుంపు సగటు 2, రెండోది 2.3 వస్తే, నూటికి 30 మందికి ఆ నాలుగోదానిపై కోపం ఉందన్నమాట. ఆ 30 మంది ఎవరో ఎవరికీ తెలియదు. అందుకే నిజం బయటికొస్తుంది. అలాగే మిగతా 70 మంది మీద నింద వేసే హక్కూ మనకుండదు.

ఇంకొకటి. 1988 నుంచి 1992 వరకు అమెరికా వార్తా వారపత్రికలు పేదరికం కథనాలకు వేసిన ఫొటోలను పరిశోధకుడు మార్టిన్ గిలెన్స్ లెక్కపెట్టారు. ఫొటోల్లోని పేదల్లో 62 శాతం నల్లజాతివాళ్లు. దేశంలోని పేదల్లో వాళ్ల వాటా 29 శాతం. పేదలకు సాయం అనగానే ఓటరు కళ్ల ముందు ఎవరి ముఖం కదులుతుందో అలా తయారైంది. ఆ ముఖం తయారయ్యాక నాయకుడు జాతి పేరు ఎత్తాల్సిన అవసరమే లేదు.

అపోహ: ఇది ఒక పార్టీ రోగం, ఒక దేశం రోగం.

వాస్తవం: దక్షిణాదిలో ఆ పన్నులూ పరీక్షలూ పెట్టింది డెమోక్రాట్లు. తర్వాత అక్కడి తెల్ల ఓటర్ల కోసం వల వేసింది రిపబ్లికన్లు. జాతి చీలిక నుంచి లాభం పొందాలని తమ పార్టీలో కొందరు చూశారని, అది తప్పేనని 2005లో రిపబ్లికన్ జాతీయ కమిటీ ఛైర్మన్ కెన్ మెల్మన్ ఎన్‌ఏఏసీపీ సభలోనే చెప్పారు.

బ్రిటన్‌లో 1964లో స్మెథిక్ నియోజకవర్గంలో వలసదారులపై విషం చిమ్మిన ప్రచారంతో లేబర్ పార్టీ సీటు పోయింది. నాలుగేళ్లకు అదే లేబర్ ప్రభుత్వం, కెన్యా నుంచి వస్తున్న భారత సంతతివాళ్లను ఆపడానికి రోజుల వ్యవధిలో చట్టం చేసింది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా సరే, తామో తల్లిదండ్రులో తాతలో బ్రిటన్‌లో పుట్టడం లాంటి సంబంధం ఉండాలంది. 1898 లూసియానా తాత 1968లో లండన్ చేరాడు. ఓటమి నుంచి వాలెస్ నేర్చుకున్న పాఠమే లేబర్ పార్టీ కూడా నేర్చుకుంది.

అపోహ: జాతుల గొడవ వాళ్లది, మనకు సంబంధం లేదు.

వాస్తవం: పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న డిమాండ్ మన జిల్లాలో ఎప్పటి నుంచో ఉంది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలని మన రాష్ట్రం 2019లో చట్టం కూడా చేసింది. ఆ డిమాండ్ న్యాయమైనదే. భూమి ఇచ్చింది, ఆ గాలి పీల్చేది ఇక్కడివాళ్లే. కానీ అదే వేదిక మీద ఒడిశా, బీహార్ కూలీలను దొంగలని, రోగాలు తెస్తున్నారని ఎవరైనా మాట్లాడితే వెంటనే లేచి నిలబడి అడగాలి. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి వేట చేస్తున్నారు. ఉద్దానం మనుషులు ఏ రాష్ట్రంలో పని దొరికితే ఆ రాష్ట్రానికి పోతున్నారు. అక్కడ వాళ్ల గురించి ఇదే మాట అంటే ఊరుకుంటామా?

డిమాండ్ల కాగితం చేతికొస్తే నేను మొదట చూసేది, కాంట్రాక్టర్ ఇచ్చే కూలీ గురించి, మన పిల్లలకు ట్రైనింగ్ గురించి, పని గంటల గురించి అందులో ఏమైనా రాశారా అని. రాసి ఉంటే సంతకం పెడతాను. బయటివాళ్లను పంపించేయాలన్న ముక్క ఒక్కటే ఉంటే పెట్టను. ఎందుకు పెట్టడం లేదో అక్కడే కూర్చుని, కాగితం తెచ్చినవాళ్లకు చెప్పి మరీ పంపిస్తాను.